చలువవాయువుల భావిలెక్క

(జహీరాబాదున వర్తకులు, యంత్రకారులు, రైతులు, విద్యార్థులు కూడిన సభయందు చేసిన ఉపన్యాసము)



మీరు మమ్ము పిలిచి మాటలాడుమన్న విషయము వినుటకు కొంత విడ్డూరముగానే యుండును. ముందు వచ్చు ఇరువది సంవత్సరములలో మన దేశమునకెంత చలువవాయువు కావలసివచ్చును, అంతర్జాతీయ నిబంధనలు ఎంత వాడనిచ్చును, ఈ రెండింటి నడుమగల యెడమును దేనితో పూడ్చవలెను అనునదియే ఆ విషయము. వాయువు కంటికి కానరాదు. నిబంధన కాగితముమీద నున్నది. భావికాలమింకను రాలేదు. ఈ మూడింటిని గలిపి లెక్కగట్టుట గాలిలో మేడలు గట్టుటయని యెవరైన నవ్వవచ్చును. నవ్వనిండు. ఆ మేడల అద్దె మాత్రము మన వాకిటనే వసూలు కాబోవుచున్నది.

ఈ విషయము జహీరాబాదునకు పరాయిది గాదు. 1942వ సంవత్సరమున నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక నిధియు, అల్లాదీన్ కంపెనీయు జేరి హైదరాబాదున ఆల్విన్ లోహకర్మాగారమును స్థాపించిరి. దక్కను సీమలో ఎన్నియో మధ్యతరగతి గృహములు తొలిసారి చల్లని నీరు త్రాగినది ఆ కర్మాగారమున తయారైన రిఫ్రిజిరేటరులనుండియే. ఆ సంస్థయే 1980 దశకమున జపాను దేశపు నిస్సాను కంపెనీతో గూడి ఈ యూర తేలికలారీల కర్మాగారమును నెలకొల్పినది. పిదప అది మహీంద్రావారి పరమైనది. రిఫ్రిజిరేటరుల శాఖ 1990 దశకమున వోల్టాసువారి చేతికి పోయినది. మనవారు కష్టించి నేర్చిన విద్య ఒకరి చేతినుండి యొకరి చేతికి మారుటను ఈ ప్రాంతము ఒక తరము కాలములోనే చూచినది. నేడు మరల మీ చెంతనే గోవిందపురమున హట్సను సంస్థవారి ఐస్క్రీము కర్మాగారము వెలసినది. న్యాలకల్, ఝరాసంగం మండలములలో 12 వేల యెకరములకు మించిన జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలము తలపెట్టబడినది. 2024 ఆగస్టు 28వ తేదీన కేంద్రమంత్రివర్గము ఇచ్చటి పారిశ్రామిక నగరమునకు 2,361 కోట్ల రూపాయల యంచనాతో ఆమోదము దెలిపినది. భూములు విడిచిన రైతుల గోడు వేరొక సభకు తగిన విషయము. ఆ భూములలో లేవబోవు షెడ్డులకు, గిడ్డంగులకు, కార్యాలయములకు చలువ కావలెను. ఏ వాయువుతో ఆ చలువ వచ్చుననునది నేడు నిర్ణయింపబడును. దాని ఫలము 2040వ సంవత్సరముదాక అనుభవింపబడును.

సికిందరాబాదును గూర్చిన సంగతి యొకటి కూడ చెప్పక తప్పదు. 1960 దశకమున అన్నామలై విశ్వవిద్యాలయమునుండి పట్టము పొందివచ్చిన వీరభద్రన్ రామనాథన్ అను తమిళ యువకుడు సికిందరాబాదులోని యొక రిఫ్రిజిరేటరు కంపెనీలో ఇంజనీరుగా జేరెను. యంత్రములనుండి చలువవాయువు ఏల కారిపోవుచున్నదో కనుగొనుట ఆయన పని. పిమ్మట అమెరికాకు పోయి, అదే వాయువు ఆకాశమునకెక్కిన వెనుక యేమి చేయుచున్నదో విచారించి, 1975లో లోకమునకు వెల్లడించెను: క్లోరోఫ్లోరోకార్బను అణువొక్కటి భూమి వేడిమిని పట్టియుంచుటలో పదివేల బొగ్గుపులుసు వాయువు అణువులకు సాటి యని. యంత్రము వెనుక కారు పైపును వెదకినవాడే ఆకాశమున కారిన దానిని గూడ పట్టెను. మన తెలుగుగడ్డమీద మొదలైన విచారణ యని చెప్పుకొనుటకు మాకు కొంత గర్వముగానే యున్నది.

చలువవాయువనగా నేమి? వేసవిలో మీ యింట రంజను చెమర్చి లోని నీటిని చల్లబరచుటను మీరెరుగుదురు. నీరు ఆవిరియగుచు వేడిమిని తన వెంట గొనిపోవును. ఏ.సి. యంత్రము చేయునదియు అదియే. కాకున్న, రంజను చెమట తిరిగి రాదు. యంత్రమున ఆవిరియైన ద్రవమును కంప్రెసరు మరల నొక్కి, వేడిమిని గోడకావల విడిచి, ద్రవముగా మార్చి లోపలికి పంపును. తిరిగి తిరిగి అదే వాయువు. ఒక్క చుక్కయు బయటికి పోకుండినచో ఈ యుపన్యాసమున కవసరమే లేదు. కాని పైపు అతుకు వదలును. గోడకు వ్రేలాడదీయునప్పుడు కొంత పోవును. మరమ్మతునకు విప్పినప్పుడు మిగిలినది పోవును. పాత సామానుల వాడు రాగికొరకు గొట్టమును నరికినప్పుడు సర్వము పోవును.

మొదటి చలువయంత్రములలో అమ్మోనియా, గంధకపు వాయువు వంటివి వాడిరి. అవి విషములు, కారినచో ప్రాణములు పోయెడివి. 1928లో అమెరికాలో థామస్ మిడ్జిలీ మొదలైనవారు మంటలేని, వాసనలేని, విషములేని క్లోరోఫ్లోరోకార్బనులను కనుగొనగా లోకము చేతులెత్తి మ్రొక్కినది. 1974లో మొలీనా, రోలెండు అను శాస్త్రజ్ఞులు ఇవి ఓజోను పొరను తినివేయునని చెప్పిరి. 1985లో అంటార్కిటికా మీద ఆ పొర చిల్లిపడుట కానబడినది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియలు నగరమున ఒడంబడిక యైనది. భారతదేశము వెంటనే సంతకము పెట్టలేదు. ఆకాశమును పాడుచేసినవారొకరు, నష్టమునందు పాలు పంచుకొనుమని పిలువబడినవారొకరు అగుట న్యాయము గాదని వాదించినది. 1990లో లండనున బీదదేశముల మార్పునకు ధనమిచ్చు నిధి యేర్పడిన తరువాతనే, 1992 జూను 19న మనము చేరితిమి. ఆ వాదన సరియైనదే. ఒడంబడికలలో మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న – ఖర్చు ఎవరిది? అది అడిగినందుననే ఆ ఒడంబడిక నిలిచినది. 2008 ఆగస్టునాటికి, ఉబ్బసపు మందుల పిచికారీలకు తప్ప, మన దేశమున ఆ వాయువుల తయారీ యాగిపోయినది.

వానికి బదులుగా వచ్చినవి రెండు తరములు. ఆర్-22 వంటివి ఓజోనును కొంత తినును. 2030 నాటికి, కొద్దిపాటి మరమ్మతుల వాడుక తప్ప, అవియు పోవలసినవే. పిదప వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బనులు ఓజోను జోలికి పోవు గాని, వేడిమిని పట్టుటలో తమ పెద్దలకు తీసిపోవు. ఒక కిలో బొగ్గుపులుసు వాయువు నూరేండ్లలో చేయు పనిని ఒకటియనుకొన్నచో, కారులలో నుండు ఆర్-134ఎ చేయునది 1,430. గదుల యంత్రములలో నుండు ఆర్-410ఎ 2,088. దుకాణపు శీతలపేటికలలోని ఆర్-404ఎ 3,922. ఓజోనును కాపాడబోయి సూర్యుని కొలిమిలో ఇంకొక బొగ్గు వేసితిమన్నమాట. ఇట్లే సాగినచో ఈ వాయువుల వలననే ఈ శతాబ్దాంతమునకు భూగోళపు వేడిమి ఒక డిగ్రీలో మూడుమొదలు అయిదు పదవవంతుల వరకు పెరుగునని శాస్త్రజ్ఞులు గణించిరి. అందువలన 2016 అక్టోబరు 15న రువాండా దేశమున కిగాలీ నగరమందు మాంట్రియలు ఒడంబడికకు సవరణ చేసిరి. మన కేంద్రమంత్రివర్గము 2021 ఆగస్టు 18న దానినంగీకరించినది.

ఆ సవరణలో మన వాటా యేమి? ధనిక దేశములు 2019లోనే కోత మొదలుపెట్టవలెను. 2036కు నూటికి ఎనుబదియైదు వంతులు తగ్గింపవలెను. చైనా, బ్రెజిలు మొదలైనవి 2024లో నిలుపవలెను. భారతదేశము, పాకిస్థాను, ఇరాను, ఇరాకు, సౌదీ అరేబియా మొదలైన మండుటెండల దేశములు పది కడపటి బల్లమీద కూర్చున్నవి. (ఏ సభలోను ఏకాభిప్రాయమునకు రాని పొరుగువారమిద్దరము ఈ యొక్క బల్లమీద కలిసి కూర్చుంటిమి, వేడిమికి సరిహద్దు తెలియదు గదా.) మన వాడుక 2028లో నిలిచిపోవలెను. అటుపిమ్మట 2032లో నూటికి పది, 2037లో ఇరువది, 2042లో ముప్పది, 2047లో ఎనుబదియైదు వంతులు తగ్గవలెను. కడపటి మెట్టు చూడుడు: ముప్పదినుండి ఎనుబదియైదునకు ఒక్క దూకు. స్వాతంత్ర్యము వచ్చిన నూరవయేట!

దేనినుండి తగ్గవలెను? ఇచ్చట న్యాయవాదులు చెవియొగ్గవలసిన మాట యున్నది. 2024, 2025, 2026 – ఈ మూడేండ్ల వాడుక సగటు తీసి, దానికి పాత ఆర్-22 తరగతి వాయువుల మూలాంకములో నూటికి అరువదియైదు వంతులు కలిపిన మొత్తమే మన మూలాంకము. కొలత కిలోలలో గాదు. ప్రతి వాయువునకు దాని తాపబలమును హెచ్చవేసి బొగ్గుపులుసు వాయువు టన్నులలో కొలువవలెను. ఈ మూడేండ్లు ఎక్కువ వాడిన దేశమునకు ముందు ఎక్కువ వాటా దక్కును. కావున ‘ఇప్పుడు బాగుగ వాడి మూలాంకమును పెంచుకొందము’ అను సలహా కొందరినోట వినబడును. పన్ను కట్టవలసివచ్చునని పంట తక్కువ చూపు గ్రామాధికారి కథ మనకు తెలియును; ఇది దానికి తలక్రిందులైన కథ. మేము ఆ సలహాను తిరస్కరించుచున్నాము. నీతికొరకు మాత్రమే గాదు, లెక్కకొరకు. ఆ మూడేండ్లలో అమ్ముడుపోయిన ప్రతి పాతరకపు యంత్రము పది, పండ్రెండేండ్లు బ్రదుకును. అన్నియేండ్లును తన పాత వాయువునే అడుగును. ఎత్తు మూలాంకము చేతికి వచ్చునప్పటికి, దానిని తినివేయు నోళ్లును సిద్ధమైయుండును.

ఇక భావిలెక్క యెట్లు వేయుదురో చూతము. ఇందు మంత్రతంత్రములేవియు లేవు. కిరాణా దుకాణపు చిఠ్ఠా తెలిసినవానికి ఇది తెలియును. ఒక పట్టణమున వేయి ఏ.సి. యంత్రములున్నవనుకొందము. ఇది మేము ఉదాహరణకు కల్పించినది గాని యే జనాభాలెక్కయు గాదు. ఒక్కొక్కదానిలో ఒక కిలో ఆర్-410ఎ. అనగా ఆ పట్టణపు గోడలకు ఒక టన్ను వాయువు, తాపబలములో 2,088 టన్నులు, వ్రేలాడుచున్నది. ఇది నిలువ. ఏటేట నూటికి పదివంతులు కారినచో దానిని పూడ్చుటకు వంద కిలోలు కావలెను. యంత్రముల సంఖ్య ఏటేట నూటికి పండ్రెండు చొప్పున పెరిగినచో, ఈ యేడు కొత్తవానికి నూట యిరువది కిలోలు. మొత్తము 220 కిలోలు. తాపబలములో 459 టన్నులు. పాత యంత్రములు మూలబడుటను, వానికి మారుగ కొనుటను ఇప్పటికి ప్రక్కనుంతము.

నూటికి పండ్రెండు పెరుగునది ఆరేండ్లలో ఇంచుమించు రెట్టింపగును, పదియేండ్లలో మూడింతలగును. ఇప్పుడు ఆర్-410ఎ స్థానమున ఆర్-32 అను వాయువును బెట్టుడు. దీని తాపబలము 675, మునుపటిదానిలో మూడవవంతు. వ్యాపారులు దీనినే పర్యావరణమిత్రమని ప్రకటించుచున్నారు. పదియేండ్ల తరువాత లెక్క యేమగును? 220 కిలోలు 683 కిలోలగును. 675తో హెచ్చింపగా 461 టన్నులు. బయలుదేరినది 459 వద్ద, చేరినది 461 వద్ద! కొత్త వాయువు మనకిచ్చినది పదియేండ్ల వాయిదా మాత్రమే. ఆర్-32 కొంచెము తక్కువ పట్టుననియు, అందువలన ఇంకొక రెండు మూడేండ్లు కలిసివచ్చుననియు ఎవరైన వాదింపవచ్చును. కాని పాత యంత్రములలో కొత్త వాయువును నింపరాదు గనుక ఆ లాభము అక్కడనే సరి. ఈలోపున ఒడంబడిక నిలిచియుండదు. మెట్టుమెట్టుగా క్రిందికి దిగుచుండును.

ఈ లెక్కనే వేరొక వైపునుండి చూడుడు. వాయువు మార్చవద్దు, కారుటను మాత్రము నూటికి పదినుండి అయిదునకు తగ్గింపుడు. 220 కిలోలు 170 అగును. నూటికి ఇరువదిరెండున్నర వంతుల పైగా మిగులు! ఒడంబడిక 2037లో మననడుగు కోత ఇరువది వంతులే గదా. ఏ విదేశపు పేటెంటును కొనకుండ, ఏ కొత్త కర్మాగారమును కట్టకుండ, అతుకు సరిగా అతికించు మెకానిక్కు చేతిపనిచే అంతటి మిగులు సంపాదింపవచ్చునన్నమాట. పట్టణమును బట్టి అంకెలు మారును. కారుట యను దారముమీదనే లెక్కయంతయు వ్రేలాడుచుండుట మాత్రము మారదు. భావిలెక్కలు వేయువారు సాధారణముగా వాయువుల పేర్లమీద చర్చ పెంచుదురు. కారుటను గూర్చి ఒక సంఖ్యను వేసి దాటిపోవుదురు. ఆ సంఖ్య యెక్కడనుండి వచ్చినది? ఏ మెకానిక్కు నడిగిరి? సాక్ష్యచట్టమును చదివినవారమగుట మాకీ యనుమానము తప్పదు.

ఇట్టి లెక్కలలో మన ప్రభుత్వము వేసినది 2019 మార్చిలో వెలువడిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక. ఇంతటి సమగ్రమైన ప్రణాళికను లోకమున మొదట వెలువరించినది మన దేశమేయని చెప్పుకొనుట న్యాయము. 2017-18 తో పోల్చినచో 2037-38 నాటికి దేశమున చలువ యవసరము ఎనిమిదింతలు కాగలదనియు, భవనములలో పదునొకండింతల వరకు పెరుగుననియు, వాయువుల గిరాకి అయిదుమొదలు ఎనిమిదింతలగుననియు అందు గణించిరి. ఆ గిరాకిని నూటికి ఇరువదియైదు మొదలు ముప్పది వంతులు తగ్గించుట లక్ష్యముగా పెట్టిరి. ఎనిమిదింతలలో ముప్పది వంతులు తీసివేసినను అయిదున్నర యింతలు మిగులును. ఈ వాయువు ఆర్-410ఎ వంటిదే యైనచో ఒడంబడికతో సరిపడు మార్గమేలేదు. కాబట్టి పెరుగుట, తాపబలము, కారుట – మూడింటిని ఒక్కసారి పట్టవలెను.

పెరుగుటను ఆపుమని మేమనము. ఆ ప్రణాళిక నాటికి నూటికి ఎనిమిది గృహములలోనే ఏ.సి. యంత్రమున్నది. రేకులకప్పు క్రింద మేనెల మధ్యాహ్నమున బిడ్డను జోకొట్టు తల్లికి, భూమి వేడెక్కుచున్నది గనుక నీవు చలువ కోరరాదని చెప్పుటకు ఎవ్వరికి హక్కున్నది? గత శతాబ్దమంతయు తమ గదులను గడ్డకట్టునంత చల్లబరచుకొన్నవారికి అసలే లేదు. మేమనునది వేరు. యంత్రము లేకుండ వచ్చు చలువను ముందు పుచ్చుకొని, మిగిలినదానికే యంత్రమును పిలువవలెను. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, అయిదేండ్లలో మూడువందల చదరపు కిలోమీటర్ల కప్పులను తెల్లబరచునట్లు సంకల్పించినది. తెల్ల సున్నమునకు ఏ దేశపు పేటెంటును లేదు. యంత్రమును ఇరువదినాలుగు డిగ్రీల వద్ద నిలుపుట మరియొకటి. ఒక్కొక్క డిగ్రీకి నూటికి ఆరు వంతుల విద్యుత్తు మిగులునని ఇంధన సామర్థ్య సంస్థవారు చెప్పుచున్నారు. బొగ్గుతో విద్యుత్తు పుట్టించు మన దేశమున యంత్రపు పాపములో పెద్దపాలు కరెంటుదే, వాయువుది చిన్నపాలు అని మరువరాదు. మీ పొరుగున పస్తాపూరు సంఘముల స్త్రీలను చూడుడు: జొన్న, కొర్ర, కంది విత్తనములను అలికిన బుట్టలలో బూడిదయు వేపాకును గలిపి యేండ్లతరబడి కాపాడుచున్నారు. ఆలుగడ్డకు ఆ విద్య చాలదు, ఒప్పుకొందము. కాని ప్రతిదానికి శీతలగిడ్డంగి కావలెనను భ్రమ మాత్రము తొలగును.

ఇక తాపబలము. ఇచ్చటనే స్వదేశీ ప్రశ్న పుట్టుచున్నది. కారులకొరకు పాశ్చాత్యులు తెచ్చిన ఆర్-1234వైఎఫ్ అను వాయువు తాపబలము మిక్కిలి స్వల్పము. దాని పేటెంటులను హనీవెల్, కెమూర్స్ వంటి అమెరికా కంపెనీలు పొందినవి. వెలయు హెచ్చు. గాలిలో చేరి విడిపోయి ట్రైఫ్లోరో అసిటికు ఆమ్లమై వానతో నేలకు దిగును. ఆ యామ్లము సులభముగ నశింపదు. ఒక తప్పు నుండి ఇంకొక తప్పునకు కప్పము గట్టుచు నడుచుట ఎన్నాళ్లు? వేరొక ప్రక్క ప్రొపేను, ఐసోబ్యూటేను, అమ్మోనియా, బొగ్గుపులుసు వాయువు – ఇవి ఎవరి సొత్తును గావు. ఇండ్లలోని కొత్త రిఫ్రిజిరేటరులు అనేకము ఐసోబ్యూటేనుతోనే నడచుచున్నవి. ప్రొపేనుతో నడచు గదియంత్రమును మన దేశపు గోద్రెజ్ కంపెనీ 2012లోనే అంగడికి తెచ్చినది. దాని తాపబలము మూడు. పట్టునది మూడు నాలుగు వందల గ్రాములు. ఇందాకటి లెక్కలో కొత్త యంత్రములు నూట యిరువదికిని ఆర్-410ఎ నింపిన 250 టన్నులయ్యెడిది. ప్రొపేను నింపినచో టన్నులు గావు, నూరు నూట యేబది కిలోలు. ఆలుగడ్డల గిడ్డంగులు మన దేశమున మొదటినుండి అమ్మోనియాతోనే నడచుచున్నవి. దాని తాపబలము సున్న. నూరేండ్లు తిరిగి, మిడ్జిలీ పారద్రోలిన వానివద్దకే వచ్చితిమి.

వానిని పారద్రోలుటకు కారణమున్నదని మరచి మాటలాడుట నేరము. ప్రొపేను అంటుకొనును. అమ్మోనియా కండ్లను, ఊపిరితిత్తులను కాల్చును. ఆర్-32 కూడ కొంత మండు స్వభావము గలదే. ఈ వాయువులను నేర్వనివాని చేతికిచ్చి, రెండవ యంతస్తు గోడమీద త్రాడులేకుండ నిలువబెట్టి, పది నిమిషములలో ముగింపుమనుట హత్యకు సమానము. ప్రణాళికలో లక్షమంది యంత్రకారులకు శిక్షణము, ధ్రువపత్రము ఇత్తుమని వ్రాసిరి. మంచిదే. ఇచ్చట కూర్చున్న మెకానిక్కు సోదరులారా, మిమ్మొకటి యడిగెదము. మరమ్మతునకు ముందు యంత్రములో మిగిలిన గ్యాసును గాలిలోనికి వదలుదురా, లేదా? తలలూపుచున్నారు. అది మీ దుర్బుద్ధిగాదు. దానిని సిలిండరులోనికి తిరిగి పట్టు యంత్రమును మీకెవ్వరిచ్చినారు? ఆ అరగంటకు కూలి యెవ్వరిచ్చెదరు? గృహస్థు ‘గ్యాసు నింపుటకెంత?’ యని యడుగును గాని ‘ఎక్కడ కారినది?’ యని యడుగడు. కారిన చోటు వెదకక మరల నింపువాడు చౌక. నైట్రోజను పెట్టి పరీక్షించి, వాక్యూము పంపు వేసి, తూచి నింపువాడు ఖరీదు. ఈ బేరము మారనంతవరకు ఢిల్లీలో వేసిన ఏ లెక్కయు జహీరాబాదున ఫలింపదు.

నిబంధనలోని యింకొక సందును గూర్చి వర్తకులకు మనవి. ఒడంబడికలో ‘వాడుక’ అనగా దేశమున తయారైనదియు, దిగుమతియైనదియు కలిపి, ఎగుమతిని తీసివేయగా మిగిలినది. వాయువు నింపి దిగుమతియగు యంత్రములలోని సరకు ఈ లెక్కలోనికి రాదు; అది తయారించిన దేశపు ఖాతాలో పడును. పైకి లాభమే. కాని అది కారినప్పుడు పూడ్చవలసిన వాయువు మన ఖాతాలోనిది. ధనిక దేశములలో చెల్లని పాతరకపు యంత్రములు చౌకగా మన రేవులకు దిగినచో, వాని మరమ్మతుల అప్పు మన బిడ్డలు తీర్పవలసినదే. తిరుపతి చెంత శ్రీసిటీలో డైకిను, బ్లూస్టారు మొదలైనవారు యంత్రములను ఇచ్చటనే తయారించుచున్నారు. వానిలో ఏ వాయువు నింపవలెనని చెప్పు హక్కు కొనువారమైన మనకున్నది.

కాగితపు లెక్కను నమ్మవచ్చునా యని యెవరైన అడుగవచ్చును. నమ్మరాదు, పరీక్షింపవలెను. 2010కే లోకమంతట ఆగిపోయినదనుకొన్న సి.ఎఫ్.సి.-11 అను వాయువు మరల పెరుగుచున్నదని 2018లో ఆకాశపు గాలిని కొలిచినవారు బయటపెట్టిరి. మరుసటియేడు అందులో పెద్దపాలు తూర్పుచైనానుండి వచ్చుచున్నదని తేల్చిరి. ఆర్-22 తయారీలో పుట్టు హెచ్.ఎఫ్.సి.-23 సంగతియు అట్టిదే. దాని తాపబలము 14,800. దానిని కాల్చినందుకు కొన్నియేండ్లు కర్మాగారములు విదేశపు ధనము పుచ్చుకొన్నవి. 2013లో ఐరోపావారు ఆ బేరమును నిలిపివేసిరి. 2016 అక్టోబరులో మన ప్రభుత్వము, ధనమిచ్చినను ఇవ్వకున్నను కాల్చి తీరవలెనని ఆజ్ఞాపించినది. మంచి యాజ్ఞ. కాని 2020లో వెలువడిన కొలతలు, కాగితముమీద తగ్గినదన్న ఆ వాయువు ఆకాశమున 2018లో మునుపెన్నడు లేనంత హెచ్చుగా వెలువడినదని చూపినవి. పత్రములు ఒకటి చెప్పి సాక్షి యింకొకటి చెప్పునప్పుడు, సాక్షి ఆకాశమైనచో, ఎదురుప్రశ్నలు పనిచేయవు.

అందువలన ఈ సభవారికి మేము సూచించు పని చిన్నది. ఢిల్లీ లెక్కకు పునాది మన వీథులలోనే పడవలెను. ప్రతి యంత్రము ప్రక్కన చిన్న రేకు అతికింపబడియుండును. దానిమీద వాయువు పేరు, దాని తూకము అచ్చువేసియుండును. ఇచ్చటి విద్యార్థులు ఒక బౌండు పుస్తకము తీసికొని అయిదు గడులు గీయవలెను: యంత్రము కొన్న యేడు, వాయువు పేరు, తూకము, ఇంతవరకెన్నిసార్లు నింపినారు, పాత యంత్రము ఏమైనది. పేర్లు, ఇంటి నంబర్లు వ్రాయవలదు, అవి లెక్కకక్కరలేదు. ఆరంభమునకు జాతీయ రహదారి కిరుప్రక్కల దుకాణములు, బ్యాంకులు, ఆసుపత్రులు, మాంసము, పాలు అమ్మువారి శీతలపేటికలు చాలును. మెకానిక్కులు తమ సిలిండరులు నెలకెన్ని ఖాళీయగుచున్నవో వేరొక పుటలో వ్రాయవలెను. రెండు పుటలను పోల్చినచో కారుట యెంతయో తెలియును. వేసవి గిరాకి మొదలుకాకముందే, అనగా ఫిబ్రవరిలో, ఒకసారియు. వానలు పడిన తరువాత ఇంకొకసారియు వ్రాసినచో ఒక సంవత్సరపు లెక్క చేతికి వచ్చును. ఆ పుస్తకమును మాకు పంపుడు. పారిశ్రామిక మండలమువారికి పెట్టుకొను అర్జీకి దానినే అనుబంధముగా జతపరచెదము. ఆ అర్జీలో మూడు కోరికలుండును: మండలములో కట్టు గిడ్డంగులు, శీతలశాలలు 2047 వరకు నిబంధనలకు నిలువగల వాయువులతోనే నడువవలెను, వాయువును తిరిగి పట్టు యంత్రములు రెండైనను ఈ యూరి మెకానిక్కులకు అద్దెకు దొరకవలెను, శిక్షణము తెలుగునను, ఉర్దూనను, కన్నడమునను జరుగవలెను. బీదరు నుండి దినదినము ఇచ్చటికి పనికి వచ్చువారున్నారు గదా. మొదటి పుట ఈ సభాభవనపు గోడనున్న యంత్రములతోనే ప్రారంభింపుడు. వెనుక గోడకు రెండు కనబడుచున్నవి.